స్వలింగప్రణయకథలును బాత్రౌచిత్యమును

పాణినీయమున 'స్త్రియామ్' అను సూత్రముకడ (4-1-3) మహాభాష్యకారుఁడు లింగమన నేమి యని విచారించి, లోకమున స్త్రీపురుషులను గుర్తింపించు శరీరచిహ్నములనే శబ్దలింగమునకు నిమిత్తములుగాఁ గైకొనినచో నేమగునో చూపెను. అట్లు కైకొనినచో భ్రూకుంసశబ్దమునకు స్త్రీప్రత్యయము రావలసివచ్చును. భ్రూకుంసుఁడనఁగా స్త్రీవేషము ధరించి యాడెడి పురుషుఁడు. కేశములు పెంచి, స్తనములు కల్పించుకొని రంగమునకు వచ్చినవానియందుఁ జూచువారికిఁ గనఁబడు గుర్తులన్నియు స్త్రీగుర్తులే. అయినను లోకము వానిని బుంలింగముననే వ్యవహరించును. మఱియొకవైపునఁ జెట్టునకుఁ గాని మంచమునకుఁ గాని యట్టి చిహ్నము లేవియు లేవు. వృక్షశబ్దము పుంలింగము, ఖట్వాశబ్దము స్త్రీలింగము. ఏటియొడ్డు ఒక్కటియే తటః, తటీ, తటమ్ అని మూఁడు లింగములఁ దిరుగును. ఇల్లాలు దారశబ్దముచేఁ బుంలింగమునకును, కలత్రశబ్దముచే నపుంసకమునకును, భార్యాశబ్దముచే స్త్రీలింగమునకును లోఁబడుచున్నది. ఆమె మాత్రము మాఱలేదు. తుదకు భాష్యకారుఁడు చేరిన నిలుకడ యిది: లింగము శాస్త్రము విధింపఁదగినది కాదు, లోకమును బట్టి తెలిసికొనవలసినది, ఎల్ల పదార్థములయందును వృద్ధిక్షయములు రెండును గలవు గనుక, వక్త దేనిని జెప్పఁదలఁచెనను వివక్షయే నియామకము.

ఈ విచారము జరిగి రెండువేలయేండ్లు దాఁటినను, స్త్రీ స్త్రీని, పురుషుఁడు పురుషునిఁ బ్రేమించు కథలను జదువునప్పు డిదియే మరల నెదురగుచున్నది. ఈ కథలలోని పాత్రలు నిజమైన మనుష్యులని చదువరికిఁ దోఁచుట దేనివలన? నడక, కంఠస్వరము, చేతి యాడింపు, కాటుక, పైట మున్నగు గుర్తులవలననా? అట్లే యని తలఁచిన కథకులు పెక్కుమంది కలరు. వారిచేతఁ బడి పురుషుని వలచిన పురుషుఁడు వయ్యారముగ నడచును. స్త్రీని వలచిన స్త్రీ మీసము లేని మగవాఁడగును. చలనచిత్రములలోని హాస్యపుఁబాత్రలు చాలవఱకు నీ తెగవే. భాష్యకారుఁడు నిరసించిన లక్షణమునే వీరు లక్షణముగాఁ బట్టుకొనిరి గనుక దీనికి భ్రూకుంసదోషమని పేరిడుట తగును. తెలుఁగు రంగస్థలమున స్థానం నరసింహారావు (1902–1971), కూచిపూడి నాట్యమున వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) స్త్రీపాత్రధారణమునఁ బ్రసిద్ధి కెక్కిరి. అది యభినయవిద్య. దానిని బట్టి నటుని మనస్సు నూహించుట యెంత తప్పో, వేషభాషలను బట్టి కథలోని ప్రేమికుని మనస్సును గల్పించుటయు నంత తప్పే.

పేర్ల విషయమున నొకమాట. వార్తాపత్రికలు వాడెడి 'స్వలింగసంపర్కులు' అను సమాసమున సంపర్కపదము స్పర్శమాత్రమును జెప్పునుగాని యనురాగమును జెప్పదు. ఆలుమగలను 'భిన్నలింగసంపర్కులు' అని యెవ్వరును బిలువరు. 'సజాతీయప్రణయము' అన్నచోఁ దెలుఁగువానికిఁ గులము స్ఫురించును. ఆంగ్లేయపు 'క్వీర్' శబ్దము వింత, విపరీతము అను నర్థములఁ దిట్టుగా నుండి, తిట్టువడినవారే దానిని దమ పేరుగాఁ గైకొనుటచే నర్థము మాఱినది. స్వలింగప్రణయమను మాట నిర్దోషము కాకపోయినను నిక్కడికిఁ జాలును.

తెలుఁగు కావ్యములకు నీ విషయము బొత్తిగాఁ గ్రొత్తది కాదు. కాని యవి దానిని సమీపించిన త్రోవ వేఱు. పోతన భాగవతము నవమస్కంధమున సుద్యుమ్నుఁడు శివుఁడు విహరించు వనముఁ జొచ్చి స్త్రీయై, బుధునివలనఁ బురూరవునిఁ గనును; పిదప నొకనెల స్త్రీత్వము, ఒకనెల పురుషత్వము. పింగళి సూరన కళాపూర్ణోదయమున మణిస్తంభుఁడును సుముఖాసత్తియు స్త్రీపురుషరూపములను దారుమాఱు చేసికొన, వారికిఁ గళాపూర్ణుఁడు పుట్టును. హరి మోహినియైన పిమ్మటనే హరుఁడు మోహించును. అన్నిటను బద్ధతి యొక్కటే: మొదట శరీరము మాఱవలెను, అటుపిమ్మటనే ప్రణయమున కనుమతి. విరాటపర్వమున నుత్తరకు నాట్యము గఱపు బృహన్నల పేడియయ్యుఁ దిక్కన చేతిలోఁ గేవలపరిహాసపాత్రము గాలేదు. కాని యజ్ఞాతవాసపు గడువు తీఱఁగనే యా వేషము తొలఁగునని కవికిని శ్రోతకును దెలియును. సంస్కృతభారతపు టానుశాసనికపర్వమున భంగాస్వనుఁడను రాజు స్త్రీయై, యింద్రుఁడు మరలఁ బురుషత్వము నిచ్చెదనన్నను వలదని స్త్రీగానే యుండఁ గోరును. గడువు లేని యీ పాత్రమే నేఁటి కథలకుఁ బ్రాచీనులలో దగ్గఱి చుట్టము.

అయినను సూరనకడ నేర్వవలసినది రూపవినిమయముకంటె శాలీనుని వృత్తాంతము. సుగాత్రి సర్వాభరణభూషితయై పడకటింటికి వచ్చినప్పుడు శాలీనుఁడు విముఖుఁడు. ఆమె నగలు విడిచి, తోఁటలోఁ దనతోడఁ బాటుపడఁగాఁ జూచినపుడు వానికి రాగము పుట్టును. కోరిక యెక్కడఁ బుట్టెనో, దేనిఁ జూచి పుట్టెనో, యేల మున్ను పుట్టలేదో కవి చెప్పెను, శాలీనుఁడు బ్రదికినాఁడు. ఇట్టి విశేషవిభావము లేక 'వా రొకరినొకరు ప్రేమించిరి' అని చెప్పినంతమాత్రమున స్త్రీపురుషుల కథయైనను నిలువదు. స్వలింగప్రణయకథలు వ్రాయువారిలోఁ గొందఱు, వలచుటయే యొక విశేషము గనుక వేఱు విశేషము లక్కఱలేదని తలఁచుచున్నారు. వారి నాయకునికి వృత్తి లేదు, అప్పు లేదు, చెల్లెలి పెండ్లి లేదు, స్వలింగప్రణయమొక్కటియే కలదు.

ఇఁక నాలంకారికుల యాక్షేపము. ఇట్టి రతి రసము కాదు, రసాభాసమని పండితులలోఁ బెక్కుమంది యొక్కమాటతోఁ ద్రోసివేయుదురు. శాస్త్రమును విప్పి చూచుట మేలు. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున శృంగారాభాసమునకుఁ జూపిన తావు లివి: ఉపనాయకునియందలి రతి, ముని గురు పత్నులయందలి రతి, బహునాయకవిషయము, అనుభయనిష్ఠము, ప్రతినాయకనిష్ఠము, అధమపాత్రగతము, తిర్యగ్గతము. ఇందు స్త్రీకి స్త్రీయందును, బురుషునకుఁ బురుషునియందును గల రతి పేర్కొనఁబడలేదు. పేర్కొనకుండుటయే యంగీకారమని వాదించుట న్యాయము కాదు. నాయికానాయకులన స్త్రీపురుషులే యను నిశ్చయముచే నది వేఱుగఁ జెప్పఁబడలేదనుటయే సరి. కాని 'అనుభయనిష్ఠము' అను తావును మఱువరాదు. ఇద్దఱియందును లేని రతి యాభాసమైనచో, స్త్రీపురుషుల కథలలోనే యాభాసము లనేకములు దొరకును. ఇష్టములేని కన్నెను వెంటాడి వేధించి తుదకు గెలుచు నాయకుల చలనచిత్రములను బండితులు రసాభాసమని త్రోసివేయుట యరుదు.

ముంగొండ యగ్రహారీకుఁడైన జగన్నాథపండితరాయలు రసగంగాధరమున నింకొక మెట్టెక్కెను. అనౌచిత్యమనఁగా నేది? జనులకు దేనియం దిది తగదను బుద్ధి కలుగునో యది. అది లోకవ్యవహారమువలనఁ దెలియవలసినది. భాష్యకారుఁడు లింగమును లోకమున కొప్పగించినట్లే పండితరాయ లౌచిత్యమును లోకమున కొప్పగించెను. ఇందుపై నొక యాక్షేపము సహజము: లోకమే ప్రమాణమైనచో లోకము దీనిని నేఁటికిని నొల్లకున్నది గదా! దీనికిఁ బ్రత్యుత్తరము లోక మేకము కాదనుటయే. 1860 నాఁటి శిక్షాస్మృతిలోని 377వ విభాగము నేరమన్న దానిని 2018 సెప్టెంబరు 6న సర్వోన్నతన్యాయస్థానము, ఇష్టపడిన వయోజనుల విషయమున నేరము కాదనెను. అదే న్యాయస్థానము 2023 అక్టోబరు 17న నట్టి జంటలకు వివాహపుహక్కును ఒసఁగ నిరాకరించెను. న్యాయస్థానము రసనిర్ణయము చేయదు. అయినను నేరము కాని దయి, పెండ్లియుఁ గాక, నడుమ నిలిచిన యనురాగ మొకటి నేఁడు లోకమునఁ గలదని దానివలన స్పష్టమగుచున్నది. లోకము సందేహించుచున్న చోటనే కథకునికిఁ బని యెక్కువ.

ఆ పని యితరభాషలలో నెట్లు సాఁగినదో కొంత చూడవలెను. హిందీయందుఁ బాండేయ బేచనశర్మ 'ఉగ్ర' 1927లోఁ బ్రకటించిన 'చాక్లేట్' కథలు దురాచారమును ఖండించుటకై వ్రాయఁబడినవి. ఖండనమునకై కల్పింపఁబడిన పాత్రకుఁ బ్రాణ ముండుట కష్టము. దాని ప్రతిమాటయు సాక్షిబోనులోని మాట. ఇస్మత్ చుగ్తాయి యురుదుకథ 'లిహాఫ్' (1942) అట్టిది కాదు. లాహోరున నశ్లీలాభియోగమునకు గుఱియై బయటపడిన యా కథయందు బేగమునకు ఒక యిల్లు, ఒక దురద, ఒక కోపము, ఒక దాసి కలరు; చదివినవా రామెను మఱువరు. అందలి లోప మొకటి చెప్పవలెను. నవాబు భార్య నుపేక్షించెను గనుక నామె దాసివైపు మరలెనని కథ సూచించును. అనఁగా స్త్రీయందలి యనురాగము పురుషుఁడు లేమిచేఁ గలిగిన దగుచున్నది. అభావమునుండి భావమును బుట్టించుట తర్కమునకు విరుద్ధమైనట్లే పాత్రపోషణమునకును విరుద్ధము. కథ చెప్పునది యేమియు నెఱుఁగని పసిపిల్ల యగుటచే నీ లోపము కొంత కప్పఁబడినది.

విజయ్ తెండూల్కరు మరాఠీనాటకము 'మిత్రాచీ గోష్ట్' (1981) నాయిక మిత్ర, స్త్రీనే వలచినది. ఆమె మొండితనము, అసూయ, స్నేహితునిఁ దన పనులకు వాడుకొనుట మున్నగునవి నిర్దయముగఁ జూపఁబడినవి. అందుచేతనే యామె సజీవురాలు. తుద కాత్మహత్య. ఈ ముగింపు నాటకమునకుఁ దగియుండవచ్చును. కాని యిట్టి కథలన్నియు శవముతోనే ముగియవలెనను నియమ మెక్కడిది? కరుణము సులభమైన రసము. చచ్చినవానియెడ జాలిపడుట కెవ్వరును వెనుదీయరు. బ్రదికి యద్దె చెల్లించుచుఁ బొరుగింట నున్నవానిని సహించుటయే కష్టము. 2013లో వెలువడిన వసుధేంద్ర కన్నడకథల సంపుటము 'మోహనస్వామి' ఈ కష్టమైన పనికిఁ బూనుకొన్నది. చిరసహచరుఁడైన కార్తీకు ఒక కన్యను బెండ్లాడఁబోవఁగా మోహనస్వామి పడు వేదన, మగనిచే విడువఁబడిన యిల్లాలి వేదనకు రసమున భిన్నము కాదు. భేద మంతయుఁ బరిస్థితియందుఁ గలదు. ఇల్లాలికిఁ బుట్టినిల్లు కలదు, పంచాయతి కలదు, పదిమందిలో నేడ్చుటకుఁ జోటు కలదు. వాని కివి లేవు.

తెలుఁగున నిట్టి కథలు విరళములు. రేవతి యను తమిళహిజ్రా వ్రాసికొనిన జీవితము పి. సత్యవతి యనువాదమున 'ఒక హిజ్రా ఆత్మకథ'గా వచ్చి, 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ యనువాదపురస్కారము నందినది. అది కథ కాదు, ఆత్మచరిత్రము. అయినను గల్పనాకథలు వ్రాయువారి కొఱగల్లు కాఁదగినది.

తెలుఁగుభాష యీ కథకులకుఁ గొంత సాయపడును, కొంత యడ్డుపడును. దీనికి నారాయణఖేడు ప్రాంతమందలి కంగ్టి మంచి యుదాహరణము. నారాయణఖేడు తాలూకా 1956వఱకు బీదరు జిల్లాలోనిది; రాష్ట్రముల పునర్విభజనమున మెదకుజిల్లాకు వచ్చి, 2016లో సంగారెడ్డి జిల్లాలోఁ జేరినది. కావునఁ గంగ్టి సంతలోఁ దెలుఁగు, కన్నడము, మరాఠీ మూఁడును వినఁబడును. 'నేను పోయితిని' అనుటకు మరాఠీపురుషుఁడు 'మీ గేలో' అనియు, స్త్రీ 'మీ గేలే' అనియుఁ జెప్పవలెను. కన్నడమునఁ గాని తెలుఁగునఁ గాని యుత్తమపురుషక్రియకు లింగభేదము లేదు. సచిన్ కుండల్కరు మరాఠీనవల 'కోబాల్ట్ బ్లూ' (2006)యందు అన్నయు జెల్లెలును దమ యింట నద్దెకు దిగిన యొక్కయువకునే ప్రేమింతురు. మొదటి భాగము అన్న చెప్పును, రెండవది చెల్లెలు. మరాఠీచదువరికి వక్త పురుషుఁడని క్రియయే చెప్పివేయును. తెలుఁగున నట్లు కాదు. 'మంచివాఁడను', 'మంచిదానను' వంటి మాటలను దప్పించుకొనినచో వక్త లింగమును గడపటి పుటదాఁక దాఁచవచ్చును. ఈ సౌకర్యమును జూచి కొందఱు తుదివాక్యమున 'వక్త పురుషుఁడే!' అని చదువరిని దిగ్భ్రమపెట్టుదురు. అది పొడుపుకథకుఁ జెల్లును. ప్రణయమును విప్పి చూపవలసినవాఁడు దానిని రహస్యముగా నమ్ముకొనుట తగదు.

అడ్డంకి మఱియొకచోటఁ గలదు. స్త్రీపురుషుల సన్నివేశమున 'అతఁడు', 'ఆమె' యను సర్వనామములే పాత్రలను వేఱుపఱచును. ఇద్దఱు పురుషులున్నచో 'అతఁ డతని చేయి పట్టుకొనెను' అన్న నెవరి చేయి? 'తాను', 'వీఁడు', 'వాఁడు', పేరు, వరుస వీనితో నేర్పుగా నడపవలెను. వరుసయే ముఖ్యము. ఆలుమగల సంబోధనమునకుఁ దెలుఁగునాఁట నేర్పడిన త్రోవ కలదు; భార్య 'ఏమండీ' యనును, భర్త 'నీవు' అనును. ఇద్దఱు పురుషులు, ఇద్దఱు స్త్రీలు ప్రేమించుకొన్నప్పు డెవరు 'మీరు', ఎవరు 'నీవు'? పల్లెలో వయసున్న వానిని 'అన్నా' యనక పిలుచుట లేదు. సంతలో 'అన్నా' యనినవాఁడు ఏకాంతమునఁ బేరుపెట్టి పిలిచెనని చెప్పిన నొక్కమాటలో సర్వమును ధ్వనించును. 'బావా' యను పిలుపు మఱియు విలువైనది: మేనఱికపు వరుస గనుకఁ బరిహాసమునకుఁ జోటు కలదు, వరుస లేని స్నేహితులును నవ్వులాటకుఁ బిలుచుకొందురు, అందు నిజమున్నను నెవ్వరును శంకింపరు. స్త్రీలయందు 'వదినా' యట్టిదే. ఇంతటి సామగ్రి చేతిలో నుండఁగా ననువాదపు వాసనగల 'ప్రియతమా'లతో నింపిన సంభాషణములు చదువరికిఁ జప్పఁబడుట సహజము.

కంగ్టివంటి యూరిని రంగముగాఁ గైకొనువాఁడు చట్టముల చరిత్రము నెఱుఁగవలెను. నైజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనఁగా 1919లో, నపుంసకుల చట్టమొకటి పుట్టినది. హిజ్రాల పేళ్లు పట్టికలోఁ జేర్చుట, స్త్రీవేషముతో వీథిలోఁ గనఁబడినను, ఆడి పాడినను వారంటు లేకయే పట్టుకొనుట దాని విధులు. భాష్యకారుఁడు కాదన్న బాహ్యచిహ్నములనే యది ప్రమాణము చేసికొన్నది. తెలంగాణ యున్నతన్యాయస్థానము 2023 జూలైలో దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. నూఱేండ్లకుఁ బైఁగా నట్టి చట్టము క్రింద నున్న సీమలో నొక తాత, ఒక పోలీసు పటేలు, ఒక పాట మఱచిపోయిన హిజ్రా యేమి జ్ఞాపకముంచుకొని యుందురో కథకుఁడు వెదకవలెను.

అంతకంటె ముఖ్యము కూడు. నారాయణఖేడు ప్రాంతపుఁ దండాలనుండి చెఱకుకోఁతకు వలసలు కలవు. మరాఠ్వాడాయందు ముకద్దములు ముందుగా సొమ్మిచ్చి కోఁతగాండ్రను ఆలుమగల జంటలుగాఁ గుదుర్చుకొనుట ప్రసిద్ధము. మగఁడు నఱకును, ఆలు కట్టకట్టి మోయును. ఆ జంట కంతకును గత్తిపేరే పేరు, 'కోయతా'. వ్యాకరణమున నిద్దఱు సరూపులు కలసినచో నొక్కరూపము శేషించి, ద్వివచన మిద్దఱను దెలుపును. ముకద్దము లెక్కలో నిద్దఱు మగవా రొక కోయతా యగుదురా, సగము సగము కోయతాలగుదురా, ముందుసొమ్ము వారి కెంత యిచ్చును, ఆ సొమ్ము తీఱకమున్నే వారిలో నొకనికి ఇంటివారు పెండ్లి కుదిర్చిన నెవరి కత్తి యెవరికిఁ జెందును అను ప్రశ్నలకు బదులు చెప్పు తెలుఁగుకథ యొకటి వచ్చిననాఁడు, దానిలోని యిద్దఱు రసమునకుఁ దగుదురా యని యడుగువారి సంఖ్య చాలఁ దగ్గును.